ప్రతిష్ఠ కాని స్నానాలగది

"చెప్పులు విప్పి లోపలికి వెళ్ళు," అన్నారు మా మామగారు.

"తాతా, అది బాత్రూము," అంది ఫ్లోరా.

"కొత్త బాత్రూము."

"కొత్తదైతే మాత్రం? బాత్రూముకి ఎవరైనా చెప్పులు విప్పి వెళ్తారా?"

"ప్రతిష్ఠ కాని గది. ప్రతిష్ఠ అయ్యేవరకు విప్పే వెళ్ళాలి."

ఫ్లోరా వెళ్ళేది స్నానానికి కాదు. ఆ గదిలో గోడకు కాస్త ముందుకు వంచి బిగించిన అద్దం ఒకటుంది. కుర్చీలో కూర్చున్నవాళ్ళకు కూడా మొహం కనబడాలని మా ఆయన అలా బిగించారు. నిలబడితే అందులో నడుము దాకా కనిపిస్తుంది. కాలేజీకి పోయే ముందు అందులో చూసుకోకపోతే మా అమ్మాయికి బస్సు ఎక్కబుద్ధి కాదు.

గొడవ విని మా ఆయన అరుణ్ బనీనుతోనే వచ్చారు. "చెప్పులు విప్పాల్సిందే. ఇసక రేణువు తగిలితే ఆ టైల్ గరుకుదనం అరిగిపోతుంది. అది జారకుండా ఉండే టైల్."

"నేను చెప్పింది అందుకు కాదు," అన్నారు మామగారు.

"ఎందుకైనా, విప్పాలి కదా నాన్నా."

"అలా ఎలా అవుతుంది? నువ్వు టైల్ కోసం విప్పమంటున్నావు. నేను గౌరవం కోసం విప్పమంటున్నాను. రెండూ ఒకటేనా?"

"ఇద్దరూ ఒకటే అంటూ ఎందుకు కొట్టుకుంటన్నారు?" అంది ఫ్లోరా.

"కారణం ముఖ్యం," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

మా అత్తగారు మంచం మీద కూర్చుని జడ వేసుకుంటున్నారు. జడ చివర ముడి వేసి, వాకరు దగ్గరికి లాక్కుని అన్నారు: "ఇప్పుకోని, ఏసుకోని. ఎవులో ఒకలు అందులో కాలెడితే అదే పదివేలు. అమ్మీ సుజాతా, రా. నన్ను ఆ పాత దాంట్లోకి తీసికెల్లు."

ఇదీ మా ఇంటి పరిస్థితి. అన్ని వసతులతో కట్టిన స్నానాలగది అత్తగారి మంచానికి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఆవిడ మాత్రం వాకరు మీద హాలు దాటి, వంటగది పక్కనుంచి తిరిగి, ఎత్తు గుమ్మం ఎక్కి, పాత స్నానాలగదికి పోతారు. కొత్తది పూర్తయ్యాక అందులో ఒక్క చెంబు నీళ్ళు కూడా పడలేదు. కమోడు మీద షాపువాడు చుట్టిన ప్లాస్టిక్కు అలాగే ఉంది. కుళాయిల మెడలకు కంపెనీ కట్టిన చీటీలు వేలాడుతున్నాయి.

అత్తగారు సారమ్మ కోరాపుట్‌లో ఆడపిల్లల హాస్టలుకు మేట్రన్‌గా పనిచేసి రిటైరయ్యారు. మామగారు అమృతరావు నందపూర్ దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేశారు. ఇప్పటికీ ఆవిడ ఆయన్ను "మేష్టారూ" అనే పిలుస్తారు. పోయిన వానాకాలం కోరాపుట్ ఇంటి పెరట్లో నాచు మీద జారిపడి అత్తగారి తుంటి ఎముక విరిగింది. విశాఖలో ఆపరేషన్ అయ్యింది. ఇక అక్కడ ఒంటరిగా వద్దు, రాయగడ వచ్చి మా ఫ్లాట్‌లో ఉండమని మేమడిగాం. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు.

"వస్తాను గానీ ఒకటే మాట," అన్నారు. "నా తానం నేను సేసుకోవాల. తలుపేసుకోవాల. ఎవులూ లోపలికి రాకూడదు. దీనికి సరేనంటే వస్తాను."

ఆ మాట విలువ నాకు తరవాత తెలిసింది. హాస్టల్లో వరసగా ఉండే స్నానాలగదుల ముందు ఆవిడ ఈల పట్టుకుని నిలబడేవారట. ఏ పిల్లయినా ఆలస్యం చేస్తే ఈల వేసేవారు. ఎంత ఆలస్యమైనా తలుపు మీద చెయ్యి మాత్రం వేసేవారు కాదు. తన ఉద్యోగకాలంలో ఒక్క పిల్ల తలుపూ తొయ్యలేదని ఆవిడకు గర్వం. అలాంటి మనిషి విశాఖ ఆసుపత్రిలో అడ్డతెర వెనక నర్సుల చేత, ఇక్కడికి వచ్చాక నా చేత నీళ్ళు పోయించుకోవాల్సి వచ్చింది.

అరుణ్‌కు రైల్వేలో సిగ్నళ్ళ విభాగంలో ఉద్యోగం. వాళ్ళమ్మ పెట్టిన షరతును ఆయన టెండరు పిలిచినంత గట్టిగా తీసుకున్నారు. ఫ్లోరా గదిని అమ్మానాన్నలకిచ్చారు. ఫ్లోరా పుస్తకాలతో సహా హాల్లో దివాను మీదికి వచ్చింది. గదిని ఆనుకున్న స్నానాలగది తలుపు వెడల్పు చేయించారు. గుమ్మం తీయించి, గదికీ స్నానాలగదికీ నేల ఒకే మట్టం చేయించారు. గోడలకు స్టీలు కడ్డీలు, కూర్చుని నీళ్ళు పోసుకోడానికి సిమెంటు బల్ల, చేతికందే షవరు, పడిపోతే లాగడానికి గంట తాడు పెట్టించారు. మంచం దగ్గర్నుంచి స్నానాలగది దాకా నేల మీద పసుపు గీత కూడా వేయించారు. రైలు ప్లాట్‌ఫారం అంచున ఉండే గీత లాంటిదే. దానికి ఇవతల నిలబడాలో అవతల నిలబడాలో తెలియక మా మామగారు మొదట్లో కొన్నాళ్ళు గోడ పట్టుకుని నడిచారు.

పని బాగా జరిగింది. తాపీమేస్త్రి దాలయ్య పనిమంతుడు. అరుణ్ రోజుకొక కొలత మార్చినా విసుక్కోకుండా, "అలగే బాబూ, మరి నిన్నేటో ఇంకోలా సెప్పేరు," అని మాత్రం అనేవాడు. పని అయిపోయిన రోజు నేను బకెట్టుతో నీళ్ళు పట్టుకెళ్ళాను. గుమ్మం తీసేసిన చోట నేల వాలు సరిగా లేకపోతే నీళ్ళు తిన్నగా మంచం కిందికి వస్తాయి. పోసి చూడకుండా అది స్నానాలగది అయిందని ఎలా చెప్తారు?

మామగారు బకెట్టు దగ్గరే నన్ను ఆపారు.

"ప్రార్థన కాకుండా నీళ్ళు పొయ్యకూడదమ్మా."

అది నాకు కొత్తేమీ కాదు. మా వాళ్ళలో కొత్త ఇల్లయినా, కొత్త బండయినా, కొత్త కుట్టుమిషనయినా అయ్యగారొచ్చి ప్రార్థన చేశాకే వాడతారు. నాకా పద్ధతంటే ఇష్టమే. పావుగంట ప్రార్థన, ఒక పాట, టీ, కేకు ముక్క. ఆదివారం ఆరాధన కాగానే మా సంఘం పాస్టరు ఇజ్రాయెల్ అయ్యగారిని పిలిస్తే సాయంత్రానికి అత్తగారు స్నానం చేసుకోవచ్చనుకున్నాను. అత్తగారూ అలాగే అనుకున్నారు. ఆ శనివారమే కొత్త సబ్బుపెట్టె, కొత్త తువ్వాలు తీయించి దిండు పక్కన పెట్టుకున్నారు.

మామగారి ఆలోచన వేరు. "ఇది సామాన్యమైన గది కాదు. పెద్దవాళ్ళ కోసం ఇలాంటి ఏర్పాటు మన సంఘంలో ఏ కుటుంబమూ చెయ్యలేదు. దీనికి బిషపు గారే రావాలి," అన్నారు.

"మరి నాన్నా, ఆయన పెద్ద పనుల మీద ఉంటారు కదా," అన్నారు అరుణ్.

"పెద్ద పని కాబట్టే ఆయన్ని పిలుస్తున్నాం."

మొదటి తేదీకి గుణుపూర్‌లో ఎవరో పోతే బిషపు గారికి ఆ భూస్థాపన వచ్చింది. రెండో తేదీకి వానలకు ఘాట్‌రోడ్డు మీద మట్టిపెళ్ళలు విరిగిపడి కారు ఆగిపోయింది. మూడో తేదీ ఆయనకు కుదిరింది గానీ మా ఆడపడుచు దొర్కాకు కుదరలేదు. దొర్కా సునాబెడలో ఉంటుంది. వాళ్ళాయనది అక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం.

"నేను నేకుండా ఎలా సేస్తారు వదినా?" అంది ఫోన్‌లో. "అమ్మ బాత్రూము ప్రతిష్ఠకి కన్నకూతురు నేదంటే నలుగురేటనుకుంటారు?"

"మీ అమ్మ స్నానానికి ఇబ్బంది పడుతున్నారమ్మా," అన్నాను.

"అదే కదా నేనూ అంటన్నాను. అంత ఇబ్బంది పడి కట్టించేరు, సరిగ్గా సెయ్యాల."

బిషపు గారు రాలేదు గానీ మిగతా అందరూ వచ్చారు. ఆదివారం ఆరాధన ముగిశాక ఒక కుటుంబం, మధ్యవారంలో ఇంకొకటి. జేకేపూర్ నుంచి పేపరుమిల్లు కాలనీ వాళ్ళు ఆటో మాట్లాడుకుని వచ్చారు. కింది ఫ్లాట్ సస్మిత పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి, "బహుత్ సుందర్, భాభీ!" అంటూ సెల్‌ఫోన్‌లో వీడియో తీసుకుంది. మామగారు చేతికర్రతో ఒక్కొక్క కడ్డీనీ చూపిస్తూ, ఒకప్పుడు భూగోళం పటం ముందు నిలబడ్డట్టే నిలబడి వివరించేవారు. వచ్చినవాళ్ళు ప్రతి కడ్డీనీ పట్టుకుని ఊపి చూసేవారు. వాళ్ళు పోయాక స్టీలు మీది వేలిముద్రలు తుడవడం నా పని.

"సారమ్మ గారు అదృష్టవంతులండీ," అంది పేపరుమిల్లు కాలనీ నుంచి వచ్చినావిడ, టీ కప్పు అందుకుంటూ. "అమ్మగారు కనబడరేం?"

సరిగ్గా అప్పుడే పాత స్నానాలగది లోంచి అత్తగారి గొంతు వినబడింది. "అమ్మీ! సెయ్యియ్యి. ఈ మెట్టు దిగనేకపోతన్నాను."

బిషపు గారు వచ్చేలోపు శిలాఫలకం వచ్చింది. మామగారు స్కూల్లో ఉన్నప్పుడు సైకిళ్ళ షెడ్డు కట్టించారు. దాని మీద ఆయన పేరున్న రాయి ఇప్పటికీ ఉందట. తెల్లని పాలరాయి మీద నల్లని అక్షరాలతో స్నానాలగదికి కూడా అలాంటిదే చెక్కించారు. 'స్నానాలగది' అనే మాట రాయి మీద బాగుండదని 'విశ్రాంతి మందిరము' అని వేయించారు. దాని కింద బిషపు గారి పేరు, ఆ కింద తన పేరు, అరుణ్ పేరు పెట్టించారు. అన్నిటికంటే కింద, కాస్త పెద్ద అక్షరాలతో, 'శ్రీమతి సారమ్మ గారి సౌఖ్యార్థము' అని ఉంది. దాలయ్య దాన్ని రెండు చేతులా మోసుకొచ్చి అత్తగారి మంచం ఎదురుగా గోడకు ఆనించాడు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివారు.

"తారీకు నేదేటి?"

"ఖాళీ ఉంచాను సారా. బిషపు గారి తేదీ ఖాయం కాగానే చెక్కుతారు."

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నా పేరుంది. తారీకు ఖాళీగా ఉంది. ఇలాటి రాళ్ళు నాకు సమాధుల తోటలోనే తెలుసు మేష్టారూ. దీన్నలా పక్కకి తిప్పండి. నా మొగాన వద్దు."

దాలయ్యకు నవ్వాగలేదు. గోడవైపు తిరిగి దగ్గాడు.

అయినా అప్పటికి ఆవిడ మాటల్లో ఇంకా వేళాకోళం ఉండేది. అది పోయింది ఆ బుధవారంతో. పాత స్నానాలగది మెట్టు దిగుతుంటే ఆవిడ కాలు జారింది. నేను చంక కింద పట్టుకునే ఉన్నాను కాబట్టి పడిపోలేదు. నా ఒళ్ళోకి వాలి, ఇద్దరం తడి నేల మీద కూలబడ్డాం. దెబ్బలేమీ తగల్లేదు. కానీ ఆవిడ నా భుజం పట్టుకున్న చెయ్యి చాలాసేపు వదల్లేదు. ఆ పట్టు చూస్తే ఎంత భయపడ్డారో తెలిసింది.

ఆ సాయంత్రం ఇంట్లో సభ జరిగింది. దొర్కా ఫోన్‌లో స్పీకర్ మీద ఉంది.

"ఇక అమ్మని ఆ పాతదాంట్లోకి పంపొద్దు," అన్నారు అరుణ్.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే రేపటినుంచి కొత్తదే..."

"వద్దు వద్దు. ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడు పాడుచేసుకుంటామా?" అన్నారు మామగారు. "తేదీ ఖాయమయ్యే దాకా మంచం మీదే తడిగుడ్డతో తుడుద్దాం."

"అదే మంచిది వదినా," అంది ఫోన్. "అమ్మని మంచం దిగనీకు. కావాలంటే ఆయాని పెట్టండి. బేసిన్ మంచం మీదే పెట్టేసుకోవచ్చు."

మంచం కింద పెట్టుకోవాల్సిన బేసిన్ గురించి కూడా దొర్కా ఏదో చెప్పబోయింది గానీ అరుణ్ స్పీకర్ ఆపేశారు.  అత్తగారు తన స్నానం తాను చేసుకోవడం కోసం కట్టించిన గది, ఆవిణ్ణి మంచం కూడా దిగనివ్వకుండా చేసింది. ఈ సంగతి ఆ సభలో ఒక్కరికీ తట్టలేదు. నేను అన్నాను. నేనన్న మాట ఆ టేబిలు మీద పెట్టిన మంచినీళ్ళ గ్లాసులా ఎవరూ ముట్టకుండా ఉండిపోయింది.

మర్నాటినుంచి గది తలుపు మూసి, కర్టెన్లు దింపి, గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి తుడిచాను. అత్తగారు గోడ వైపు తిరిగి పడుకునేవారు. మొదటి రోజు, "నీల్లు సల్లారిపోయేయి," అన్నారు. రెండో రోజు అదీ అనలేదు. మూడో రోజు వీపు తుడుస్తుంటే గోడకే చెప్తున్నట్టు అన్నారు: "ఇలగ తుడిపించుకోడానికైతే కోరాపుట్‌లోనే ఉండిపోదును. అక్కడైతే పెరడైనా నాది."

ఆ ఆదివారం అందరూ ఆరాధనకు వెళ్ళారు. అత్తగారికి తోడుగా నేను ఇంట్లో ఉన్నాను. వంటింట్లో కూర తరుగుతుంటే పిలిచారు.

"అమ్మీ, అందులో నీల్లు ఎటెల్తాయో నువ్వు సూడాలన్నావు కదా."

"అన్నాను అత్తమ్మా."

"ఇప్పుడు సూడు. నేనూ సూస్తాను."

కుర్చీ తెచ్చి కొత్త స్నానాలగది తలుపు దగ్గర వేశాను. వాకరు పట్టుకుని వచ్చి ఆవిడ కూర్చున్నారు. టైళ్ళు అరగకుండా అరుణ్ నేల మీద పరిచిన ప్లాస్టిక్కు చుట్టి పక్కకు నెట్టి, మగ్గుతో నీళ్ళు బల్ల కింద పోశాను. నీళ్ళు ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియనట్టు నిలబడ్డాయి. తరవాత పల్చగా సాగుతూ గది మూలనున్న జాలీ వైపు నడిచాయి. మంచం వైపు ఒక్క చుక్క రాలేదు.

"ఇంకో మగ్గు. ఈసారి తలుపు పక్కన పొయ్యి."

పోశాను. అవీ జాలీలోకే పోయాయి. అత్తగారు చెప్పు తీసి, కుడికాలు ముందుకు చాపి, తడి టైల్ మీద మడమ ఆనించి అటూ ఇటూ కదిపారు. జారలేదు. ఇంకాస్త గట్టిగా కదిపారు. అప్పుడూ జారలేదు. గోడకున్న కడ్డీ అందుకుని ఊపి చూశారు. చాలాసేపు ఆ బల్ల వైపే చూస్తూ కూర్చున్నారు.

"దాలయ్య మంచి పని సేసేడు," అన్నారు చివరికి. "తుడిసీ. ఆలొచ్చే ఏలయ్యింది."

తుడిచాను. ప్లాస్టిక్కు మళ్ళీ పరిచాను. నా శుభ్రం మీద నాకంత నమ్మకం గానీ, ప్లాస్టిక్కు మడత కింద నిలిచిన నీళ్ళు చూసుకోలేదు.

సాయంత్రం ఎవరో చుట్టాలకు గది చూపించబోయి మామగారు ప్లాస్టిక్కు ఎత్తారు. "అరుణ్!" అని కేకేశారు. ప్రతిష్ఠ కాని గదిలో, ఎవరూ తిప్పని కుళాయిల కింద, నేల తడిగా ఉంది.

ఆ తరవాత జరిగింది చూడవలసిందే. అరుణ్ టార్చిలైటు తెచ్చి గోడ పొడుగునా వేసి చూశారు. దాలయ్యను పిలిపించారు. దాలయ్య బోర్లా పడుకుని టైళ్ళను వేలి కణుపులతో కొట్టి విన్నాడు. పైన ఫ్లాట్ వాళ్ళ స్నానాలగది నుంచి దిగుతోందని అరుణ్, లేదు, కాంక్రీటులోంచే చెమ్మ ఊరుతోందని మామగారు.

"నాకైతే పైనించి పోసినట్టుంది బాబూ," అన్నాడు దాలయ్య.

"తాళం వేసినట్టున్న గదిలో ఎవరు పోస్తారయ్యా?" అని అరుణ్ కసురుకున్నారు.

నేను నోరు తెరిచాను. మంచం మీదనుంచి అత్తగారు నా వైపు ఒక్క చూపు చూశారు. ఆ చూపుతో హాస్టల్లో ఎందరు పిల్లల నోళ్ళు మూతపడి ఉంటాయో నాకు అప్పుడర్థమైంది. నేనూ మూసుకున్నాను.

లీకేజీ ఎక్కడో తేలేవరకు ప్రతిష్ఠ వాయిదా వేయాలని అరుణ్ నిర్ణయించారు. గోడ కొంత పగలగొట్టి పైపు చూడాలన్నారు. బిషపు గారు ఎట్టకేలకు వచ్చే వారానికి ఒప్పుకున్న తేదీ అలా మా చేతులారా పోయింది. ఇజ్రాయెల్ అయ్యగారికి ఆ మాట ఫోన్‌లో చెప్తే బాగుండదని శనివారం సాయంత్రం భోజనానికి పిలిచారు. తేదీ మారిందని తెలియక దొర్కా కూడా కోరాపుట్‌లో రైలెక్కి అదే సాయంత్రానికి దిగింది. వస్తూ ఎర్రని శాటిన్ రిబ్బను, బంగారురంగు పిడి ఉన్న కత్తెర తెచ్చింది.

చేపల పులుసు, ఆనపకాయ కూర, చారు వండాను. అత్తగారు వాకరు పక్కన పెట్టుకుని టేబిలు చివర కూర్చున్నారు. మంచం మీద స్నానాలు మొదలయ్యాక ఆవిడ భోజనానికి బయటకు రావడం అదే మొదలు. ఉతికిన నేత చీర కట్టుకున్నారు.

"గోడ పగలగొట్టినా సరే, రిబ్బను మాత్రం అన్నయ్యా, నేను తెచ్చిందే కట్టాల," అంది దొర్కా.

"బిషపు గారు కత్తిరిస్తారు, పక్కన నేనుంటాను," అన్నారు మామగారు. "అయ్యగారూ, వచ్చే నెలలో ఆయనకు ఖాళీ ఎప్పుడుంటుందో కాస్త కనుక్కుంటారా?"

అయ్యగారు చేపముక్కలో ముల్లు తీసుకుంటున్నారు. నెమ్మదైన మనిషి. "కనుక్కుంటాను మేష్టారూ. మొదటినుంచీ కనుక్కుంటూనే ఉన్నాను కదా. కానీ ఒక మాట. నన్ను అడిగి ఉంటే ఆ మొదటి ఆదివారమే వచ్చి చేసేసేవాణ్ణి. పావుగంట పని. మీరు ఆయన తేదీ అడగమన్నారు, నేను ఆయన తేదీ అడుగుతున్నాను."

 మామగారు చారు కలుపుకుంటూ, "మీరు చెయ్యగలరని తెలుసు అయ్యగారూ. కానీ రాయి మీద..." అని ఆగిపోయారు.

"రాయి మీద బిషపు గారి పేరుంది. నిజమే," అన్నారు అయ్యగారు.

"ఇప్పుడెలాగూ లీకేజీ ఉంది," అన్నారు అరుణ్. "సోమవారం గోడ తెరుస్తాం. అది తేలాక చూద్దాం."

అత్తగారు అన్నం కలపడం ఆపారు.

"గోడేటీ తెరవక్కర్నేదు. ఆ నీల్లు నేను పోయించేను."

అందరూ ఆవిడ వైపు చూశారు. తరవాత నా వైపు చూశారు. నేను అరుణ్ కంచంలో ఇంకో గరిటె చారు పోశాను.

"ప్రతిష్ఠ కాకుండానే?" అన్నారు మామగారు. ఆయన గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది.

"కాకుండానే. మీరు ఆరాధనలో ఉన్నారు. నేను కుర్చీలో కూకొని సూసేను. ఒక్క సుక్క ఇటు రానేదు. అంతా జాలీలోకే ఎల్లింది. కాలెట్టి సూసేను. జారనేదు. కడ్డీ ఊపి సూసేను. కదల్నేదు." కొడుకు వైపు తిరిగారు. "బాగా కట్టించేవు నాయనా. ఎవులూ ఈ మాట నీకు సెప్పనేదు. సూసినోళ్ళంతా రాయి సూసి పొగిడేరు."

అరుణ్ ఏదో అనబోయి అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా, అయితే వచ్చేవారం పాత తేదీకే బిషపు గారిని..." అని దొర్కా అందుకుంది.

"ఆగమ్మీ. నేనింకా అయిపోనేదు." హాస్టలు గొంతు వచ్చింది. ఫ్లోరా కూడా సెల్‌ఫోన్ పక్కన పెట్టి నిటారుగా కూర్చుంది. "రేపు పొద్దున్న, ఆరాధనకి ముందు, నేను అందులో తానం సేస్తాను. తలుపేసుకుంటాను. సుజాత రాదు. దొర్కా రాదు. ఆయా రాదు. ఏటైనా అయితే తాడు లాగుతాను. లాగకపోతే ఎవులూ తలుపు మీద సెయ్యెయ్యకూడదు. ఎంతసేపయినా సరే."

"సారా, ప్రార్థన లేకుండా..."

"ప్రార్థన ఒద్దన్నానేటి? అయ్యగారూ, మీరు పెందరాలే రండి. ఇలగ గదిలో కూకొని ప్రార్థన సేయండి. లోపల నేను ఇంతాను. నీల్ల సప్పుడు కాకపోతే ఆమేన్ కూడా అంతాను. బిషపు గారు ఎప్పుడు తీరికయితే అప్పుడొచ్చి మల్లీ సేత్తారు. రెండుసార్లు సేస్తే పాడైపోదు."

అయ్యగారు తల ఊపారు. "వస్తానమ్మా. తప్పకుండా వస్తాను."

మామగారు భార్య వైపు, పాస్టరు వైపు మార్చి మార్చి చూశారు. స్కూల్లో ఇనస్పెక్టరు వచ్చి తన ప్రశ్న తననే అడిగినప్పుడు కూడా ఆయన ఇంత ఇబ్బంది పడి ఉండరు. "సరే, వేణ్ణీళ్ళ కాగు నేనే పెడతాను," అన్నారు మెల్లగా.

"గీజరుంది నాన్నా," అన్నారు అరుణ్.

దొర్కాకు మాత్రం ఇంకా మింగుడుపడలేదు. ఒళ్ళో ఉన్న రిబ్బను చుట్టను వేళ్ళతో తిప్పుతోంది. "మరి దీన్నేటి సెయ్యనమ్మా? సునాబెడనుంచి తెచ్చేను. ఎవరు కత్తిరిస్తారు?"

"కట్టీయే. బాగుంటాది. నేను లోపలికెల్లేక తలుపు బయట కట్టీ. తానం సేసీసి, తలుపు తీసి, నేనే కత్తిరించుకొని బైటికొచ్చేస్తాను."

"లోపలినుంచి కత్తిరించొచ్చా అయ్యగారూ?" అని అడిగారు మామగారు. నిజంగానే అడిగారు.

అయ్యగారు ముల్లు తీసి కంచం అంచున పెట్టి కాస్త ఆలోచించారు. "ఎటునుంచి కత్తిరించాలో ఎక్కడా రాసిలేదు మేష్టారూ."

"అదీ," అన్నారు అత్తగారు. కంచం ముందుకు జరిపి నా వైపు చూశారు. "ఇంకో ముక్కెయ్యి అమ్మీ, తోక వద్దు. ఆ కత్తెర సబ్బు పక్కన పెట్టు, తడవకుండా."